దొరబాబు మేత

“ఎవరు మానేశారు? నేనేమీ అననండి. ఎవరు మానేశారో చెబితే చాలు.”

ఉషారాణి పంజరం ముందు గచ్చు మీద చతికిలబడి అడిగింది. ఒళ్ళో పాత తువ్వాలు, తువ్వాల్లో దొరబాబు. ఏడింటికి చూసేసరికి, కర్ర మీద ఉండవలసిన కాకటీల్ పిట్ట పంజరం అడుగున పడి ఉంది. బూడిదరంగు ఈకలన్నీ ఉబ్బించుకుంది. నెత్తి మీద ఠీవిగా నిలబడే పసుపు కుచ్చు వెనక్కి వాలిపోయింది. చూడ్డానికి బంతిలా ఉంది గానీ, అరచేతిలోకి తీసుకుంటే బరువే లేదు. గుండె ఒక్కటే టకటకా కొట్టుకుంటోంది.



“నేనే మానేశాననుకోమ్మా, పీడా పోతుంది,” అంది సుబ్బాయమ్మ వంటింటి గుమ్మంలోంచి. “ఈ ఇంట్లో పాలు విరిగినా అత్తగారే, పిట్ట పడినా అత్తగారే.”

“మీరని నేననలేదు అత్తయ్యగారూ.”

“నోటితో అనాలా? ఆ చూపు చాలదూ! మా పుట్టింట్లో పద్దెనిమిది పశువులుండేవి. ఒక్కదానికీ డ్యూటీ చార్టు లేదమ్మా. అరిస్తే గడ్డి, అరవకపోతే కుడితి. అన్నీ బతికాయి. దొరబాబుగారికి మాత్రం నాలుగు పూటలు, నలుగురు నౌకర్లు. నేను బీపీ మాత్ర వేసుకున్నానా అని ఈ కొంపలో అడిగిన మనిషి లేడు.”

ఉషారాణి వేలి చివర గ్లూకోజు నీళ్ళు అద్ది పిట్ట ముక్కు దగ్గర పెట్టింది. నీటిబొట్టు ముక్కు మీంచి జారి తువ్వాల్లోకి పోయింది. ఇంకో బొట్టు పెట్టింది.

చార్టు మాత్రం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద నిశ్చింతగా ఉంది. రొయ్యల మేత కంపెనీవాళ్ళు ఇచ్చిన పాత క్యాలెండరు వెనకవైపు, స్కేలు పెట్టి గీసిన గళ్ళు. గీసింది ఉషారాణి మామగారు జగన్నాథరావు. పొద్దున్న ఆరింటికి ఆమె భర్త శివరామకృష్ణ రొయ్యల చెరువుకి వెళ్ళే ముందు ఒక చెంచా. పదింటికి పూజ అయ్యాక సుబ్బాయమ్మ ఒక చెంచా. రెండింటికి భోజనం చేసి చెయ్యి కడుక్కుని జగన్నాథరావు ఒక చెంచా. సాయంత్రం ఆరింటికి ఉషారాణి ఇంట్లో ఉంటే ఉషారాణి, లేకపోతే మళ్ళీ శివరామకృష్ణ. పాలకొల్లు ఆసుపత్రిలో ఆమెకి ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం షిఫ్టు. ఆ షిఫ్టుల మధ్య పిట్ట ఆకలితో ఉండకూడదనే ఈ ఏర్పాటంతా.

పందొమ్మిది రోజులు. ఒక్క గడి ఖాళీ లేదు. ప్రతి గడిలోనూ టిక్కు, టిక్కు పక్కన మేత వేసినవారి పేరులో మొదటి అక్షరం.

ఆ టిక్కుల్ని శివరామకృష్ణ పూటపూటా ఫొటో తీసి భార్యకి పంపేవాడు. పిట్ట ఫొటో కాదు, టిక్కు ఫొటో. వార్డులో సెలైన్లు మార్చే మధ్యలో ఆమె ఫోను తెరిచి చూసుకుని, నవ్వుకుని, మళ్ళీ జేబులో వేసుకునేది. కన్నతల్లి కూడా వద్దన్న పిట్టని అత్తింటివాళ్ళు ఇంత శ్రద్ధగా చూస్తున్నారని మనసు కరిగింది కూడా. అది తలుచుకుంటే ఇప్పుడు తన మీద తనకే రోతగా ఉంది.

“గళ్ళు లెక్కపెట్టుకో,” అన్నాడు జగన్నాథరావు పడకకుర్చీలోంచి. “నిన్నటికి డెబ్భై ఆరు. ఒక్కటి తగ్గితే నన్నడుగు.”

“తగ్గలేదండి. మరి వీడికిలా ఎందుకైంది మామయ్యగారూ?”

“నర్సువి నువ్వు. నన్నడుగుతావేం?”

“నేను మనుషులకి నర్సునండి.”

“నేను రొయ్యలకి. ముప్పై ఏళ్ళ నుంచి. గట్టు మీద నిలబడి నీళ్ళ రంగు చూసి చెబుతాను, చెరువు తింటోందో లేదో. చెక్ ట్రే చూడడం ఎలాగో నా దగ్గర నేర్చుకోనివాడు ఈ చుట్టుపక్కల లేడు. గుప్పెడు పిట్టకి మేత పెట్టడం నాకు రాలేదంటావ్, అంతేగా?”

అదీ ఆయన లెక్క. రొయ్యల చెరువులో మేత చల్లేటప్పుడు, నీళ్ళలోకి దించిన వలపళ్ళెంలోనూ కాస్త వేస్తారు. దాన్నే చెక్ ట్రే అంటారు. రెండు గంటలాగి పైకి లాగి చూస్తారు. పళ్ళెం ఖాళీ అయితే రొయ్య ఆకలి మీద ఉన్నట్టు. తర్వాతి పూట మేత పెంచుతారు. మిగిలితే తగ్గిస్తారు. మిగిలినా తగ్గించకపోతే మేత కుళ్ళి చెరువంతా పోతుంది. జగన్నాథరావు ఆ లెక్కనే తెచ్చి పిట్ట గిన్నెకి పెట్టాడు. మేత వేసిన రెండు గంటలకి గిన్నెలోకి తొంగి చూసేవాడు. మిగిలినట్టు కనిపిస్తే చార్టులో ఎర్ర పెన్నుతో అడ్డగీత. ఇక తర్వాతి పూట పావు చెంచా తక్కువ. ఈ వారమంతా ఎర్రగీతలే. చెంచా కాస్తా దిగి దిగి పావు చెంచాకి వచ్చింది.

“మూడు రోజులయింది, ఈల కూడా వేయలేదు,” అంది ఉషారాణి మెల్లగా.

“హమ్మయ్య అనుకున్నాం,” అంది సుబ్బాయమ్మ. “ఇల్లనుకున్నారా, రేవనుకున్నారా? తెల్లారితే చాలు, పంటు బయలుదేరుతున్నట్టు ఈలలు.”

ఆ మాట సుబ్బాయమ్మ ఎగతాళికే అన్నా, నిజమే అన్నది. దొరబాబు వేసేది పంటు ఈలే. ఉషారాణి తండ్రి భీమరాజు సఖినేటిపల్లి రేవులో పంటు నడిపే సరంగు. మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ ఎక్కించుకుని గోదావరి దాటి నరసాపురం ఒడ్డుకీ, మళ్ళీ ఇటూ, రోజంతా అదే పని. హారను ఉన్నా ఆయన నోటితోనే ఈల వేసేవాడు. రెండు పొడుగు ఈలలు వేస్తే జనం ఎక్కాలి. మూడోది పొట్టిది. అది పడితే తాడు విప్పేస్తారు. కాలేజీకి వెళ్ళే రోజుల్లో ఉషారాణి క్యారేజీ పట్టుకుని గట్టు మీద పరుగెత్తుకొస్తూ ఉండేది. రెండు ఈలలు వినిపించేవి. పంటులో జనం విసుక్కునేవారు. కూతురి కాలు పంటు బల్ల మీద పడేదాకా మూడోది పడేది కాదు.

ఆయన కేబిన్లో నాలుగేళ్ళు బతికిన పిట్ట ఆ ఈల పట్టేసింది. కార్తీకంలో ఆయన పోయాక కూడా ఆపలేదు. “నేను వినలేనే అమ్మా, నీకు పుణ్యముంటుంది, తీసుకుపో,” అని తల్లి పంజరం ఆమె చేతికిచ్చి అటు తిరిగి నిలబడింది.

లోకంలో తండ్రి ఊపిరి ఇంకా మిగిలిన చోటు ఆ ముక్కొక్కటే. అది ఇప్పుడు తువ్వాల్లో తెరుచుకుని మూసుకుంటోంది.

వీధిలో మోటారు సైకిలు ఆగింది. శివరామకృష్ణ మోకాళ్ళ దాకా చెరువు బురదతో లోపలికొచ్చాడు. తువ్వాలు చూశాడు. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

“పోయిందా?”

“లేదు. మీరు వస్తారని ఆగాడు,” అంది ఉషారాణి.

“ఎటకారం ఇప్పుడెందుకు ఉషా! నేను పొద్దున్న వేసే వెళ్ళాను. టిక్కు చూసుకో.”

“చూశానండి. టిక్కు చాలా బాగుంది.”

“చూశావా అమ్మా? చెరువుకి గాలి కొట్టే ఏరేటరు పాడై అక్కడ నేను చస్తుంటే, ఇంటికొస్తే ఇదీ.”

“నన్ను కలపకు నీ పంచాయతీలోకి,” అంది సుబ్బాయమ్మ. “అయినా నేనొకటి అడుగుతాను. మేత పెట్టలేదు, పెట్టలేదు అంటుందే, ఇదిగో.” విసురుగా పంజరంలో చెయ్యి పెట్టి గిన్నె బయటికి లాగింది. కోడలి మొహం ముందు పెట్టింది. “కళ్ళు తెరిచి చూడు. నిండా ఉంది! నిన్నటిది నిన్నట్లాగే ఉంది. తినకపోతే ఎవరేం చేస్తారు? నోట్లో పెట్టి నమలమంటావా?”

గిన్నె నిజంగానే నిండుగా ఉంది. అంచుల దాకా లేత గోధుమరంగు కొర్రలు, సామలు, మధ్యలో ఒకటో అరో పొద్దుతిరుగుడు గింజ.  నిన్న సాయంత్రం ఉషారాణి కూడా ఆ గిన్నె చూసే, ఉంది కదా అని మురిసిపోయి, చార్టులో ఉన్నట్టే పావు చెంచా పోసి టిక్కు పెట్టింది.

జగన్నాథరావు కుర్చీలోంచి లేచాడు. చాలా రోజుల తర్వాత ఒక్క నిమిషంలో నెగ్గిన మనిషిలా ఉన్నాడు.

“అదీ సంగతి. తిండి మానేసింది. జబ్బు. నేను మిగిలింది చూసే తగ్గించాను. జబ్బు రొయ్యకి మేత వేసేవాడిని మూర్ఖుడంటారు. ఇంకా నయం, నేను లేకపోతే గిన్నె మీద గిన్నె పోసి—”

“ఆగండి,” అంది సుబ్బాయమ్మ.

ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన మాటకి ఆమె అడ్డు పడడం అరుదు. ఆయన ఆగిపోయాడు.

సుబ్బాయమ్మ గిన్నె అరచేతిలో పెట్టుకుని పైకీ కిందికీ ఎగరేసింది. మళ్ళీ ఎగరేసింది. కళ్ళాల్లో ధాన్యం తూర్పారబట్టి, చేటతో బియ్యం చెరిగి చెరిగి అరిగిపోయిన చెయ్యి అది. కళ్ళు నమ్మినదాన్ని ఆ చెయ్యి నమ్మలేదు.

“ఇదేంటిది, బరువు లేదు?”

గిన్నె నోటి దగ్గరకి తెచ్చుకుని ఒక్క ఊదు ఊదింది.

పొట్టు లేచింది. కిటికీ వెలుతురులో ఒక్కసారి మెరిసి, గదంతా పరుచుకుని, జగన్నాథరావు ఇస్త్రీ పంచె మీద, చార్టు మీద, ఎర్రగీతల మీద వాలింది. గిన్నె అడుగున నాలుగు గింజలు, ఎండిన రెట్ట ఒకటి మిగిలాయి.

“తాలు,” అంది సుబ్బాయమ్మ.

ఫ్రిజ్ గుర్రుమంటోంది. 

“అంతా తాలే. గింజ ఒలుచుకుని తిని, తొక్క ఉన్నచోటే వదిలేసింది. తొక్క చూసి మిగిలిందనుకున్నాం. మిగిలిందని తగ్గించాం. తగ్గించింది కూడా ఈ తొక్క మీదే పోశాం.” ఆమె మొగుడి వైపు తిరిగింది. “ముప్పై ఏళ్ళు మేత వేసిన చెయ్యి! నీళ్ళ రంగు చూసి రొయ్య కడుపులో సంగతి చెప్పే మహానుభావులు! తాలుకీ గింజకీ తేడా తెలియలేదా అండీ?”

తానూ పందొమ్మిది రోజులు ఆ తొక్క మీదే చెంచా వంచానన్న సంగతి ఆమె చెప్పలేదు. గిన్నె అంచు మాత్రం కొంగుతో తుడిచింది.

“రొయ్య తొక్క ఒలుచుకుని తినదు,” అన్నాడు జగన్నాథరావు గోడకేసి చూస్తూ.

“రొయ్య ఈల కూడా వెయ్యదు. ఇది రొయ్య కాదని అప్పుడైనా తెలియాలి కదా!”

ఉషారాణికి కేబిన్ గుర్తొచ్చింది. స్టీరింగు పక్కన చెక్క మీద ఇదే గిన్నె. నాన్న ఎప్పుడూ ఊదలేదు, అమ్మ ఎప్పుడూ ఊదలేదు. ఊదవలసిన అవసరమే రాలేదు. నది మీద గాలి రోజంతా ఆ పని చేసేది. ఈ ఇంటి హాల్లో దోమలకి భయపడి కిటికీలు మూసి పెట్టారు. ఊదాలని తెలిసినవాళ్ళు ఎవరూ లేరు, ఎవరిని తప్పుపట్టగలదు?

తల ఎత్తి చూసింది. అత్తగారి మొహం పాలిపోయింది. మామగారి మెడ ఎర్రబడింది. ఇద్దరూ నివ్వెరపోయి ఉన్నారు.

శివరామకృష్ణ మాత్రం నివ్వెరపోలేదు. కాలి బొటనవేలితో గచ్చు మీద ఎండిన బురద గీకుతున్నాడు.

“ఏవండీ.”

“ఊఁ.”

“మీకు తెలుసు.”

“ఏంటి తెలిసేది?”

“నా వైపు చూసి చెప్పండి.”

అతను చూడలేదు. “కొట్టువాడు ఏదో అన్నాడు. గింజలు కొన్నప్పుడు. రోజూ పైన పొట్టు ఊదేసి వేయండి అని.”

“ఎప్పుడు కొన్నారు?”

“ఎప్పుడంటే... మొదటిరోజే.”

సుబ్బాయమ్మ గిన్నె బల్ల మీద పెట్టింది.

“ఊదాను ఉషా, ఒట్టు. రెండు మూడు రోజులు పొద్దున్నపూట నేనే ఊదాను. నాన్నగారు చూసి కోప్పడ్డారు. గిన్నె కదిపితే లెక్క తప్పుతుంది, మిగిలింది మిగిలినట్టే ఉండాలి అన్నారు. చెక్ ట్రే అలాగే చూస్తారు కదా. అందుకని...”

“అందుకని మానేశారు.”

“వివరంగా చెబుదామనే అనుకున్నాను. ఏదో ఒక పనిలో...”

“పందొమ్మిది రోజుల్లో ఒక్క నిమిషం దొరకలేదా?”

“పిట్ట కోసం నాన్నగారితో వాదన ఎందుకని ఊరుకున్నాను! అంతే! ఇందులో హత్య ఏముంది?”

“పిట్ట కోసం,” అంది ఉషారాణి.

ఆ రెండు మాటలూ ఆమె అరవలేదు. పేషెంటు పేరు రిజిస్టరులో రాసుకునేటప్పుడు పలికినట్టు పలికింది. పెద్దకర్మనాడు, అందరి ముందూ, పంజరం మీద చెయ్యి వేసి ‘దీని బాధ్యత నాది’ అన్నది కూడా అతని నోరే. అప్పుడు ఆ మాటకి ఆమె ఏడ్చింది.

“రేపు నాకు జ్వరమొస్తుందనుకోండి. డాక్టరు రెండు మాత్రలు వేయమంటాడు. మామయ్యగారు ఒకటి చాలంటారు. మీరేం చేస్తారు?”

“అదీ ఇదీ ఒకటేనా?”

“మీ చెరువులో రొయ్య తేలితే మాత్రం ఆయనతో వాదిస్తారు. పోయినేడు వాదించారు, వీధంతా విన్నారు. అంటే మీకు నోరు లేక కాదు. నా వస్తువు కోసం తెరిచేంత నోరు లేదు.”

“చాలమ్మా!” జగన్నాథరావు పంచె మీద పొట్టు దులుపుకున్నాడు. పోలేదు. నేతకి పట్టుకుంది. అదీ ఆయన కోపాన్ని పెంచింది. “ఎవడో సరంగు ఈలలు నేర్పిన పిట్ట కోసం ఇంటి పెద్దని గోడకి నిలబెడతారా? రేవు దగ్గర పెరిగినవాళ్ళకి పెద్దా చిన్నా తెలియదని పెళ్ళప్పుడే చెప్పాను వీడికి. సాయంత్రంలోగా ఆ పంజరం ఎవరికైనా ఇచ్చేయండి. అది ఉంటే నేను ఈ హాల్లో కూర్చోను.”

“మీకెందుకండీ ఆ శ్రమ,” అని ఉషారాణి లేచింది. “మేమే వెళ్తాం.”

“మేమంటే?” అన్నాడు శివరామకృష్ణ.

“నేనూ, దొరబాబూనూ.”

తువ్వాలు బల్ల మీద ఉంచి గదిలోకి వెళ్ళింది. బీరువా తలుపు చప్పుడైంది. ఆసుపత్రికి ఫోను చేసి లీవు అడుగుతున్న గొంతు వినిపించింది. గొంతులో ఏ వణుకూ లేదు. అది విని శివరామకృష్ణకి మొదటిసారి భయమేసింది. గది దాకా వెళ్ళాడు, లోపలికి పోలేదు. గడపకి ఇవతల నిలబడి, “బురద కాళ్ళు,” అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

హాల్లో సుబ్బాయమ్మ చేటలో గింజలు పోసుకుంది. నాలుగు చెరుగులు చెరిగింది. గట్టి గింజలు గుప్పెడు తీసి నలిపి, తొక్క ఊదేసి, నీళ్ళు చిలకరించి, అరచేయి తువ్వాలు దగ్గర పెట్టింది.

“తిను. ముక్కు చూడు, కొడవలిలాగ. ఈ ముక్కు పెట్టుకుని నోరెత్తి అడగలేకపోయావా? ఈలలు మాత్రం వేస్తావ్, ఆకలేస్తోందని చెప్పడం చేతకాదు. ఎవరి ఇంటి పిట్టవో అలాగే ఉన్నావ్. తిను, దరిద్రుడా.”

దొరబాబు కన్ను తెరిచాడు. ముక్కు కదిపాడు. ఒక గింజ. చాలాసేపటికి ఇంకొకటి. అరచేతికి తగిలిన నాలుక ఎండిన చెక్కలా ఉంది. సుబ్బాయమ్మ చటుక్కున అటూ ఇటూ చూసింది. ఎవరూ చూడలేదని తేలాక చెయ్యి ఇంకాస్త దగ్గరగా జరిపింది.

ఉషారాణి సంచి భుజాన వేసుకుని వచ్చింది. పంజరంలో తువ్వాలు పరిచి పిట్టని పడుకోబెట్టింది. చార్టు తీసి నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

“అదెందుకు?” అన్నాడు జగన్నాథరావు.

“అమ్మ అడిగితే చూపించాలి కదండీ, ఎంత బాగా చూసుకున్నారో.”

“మీ అమ్మకే అక్కర్లేని పిట్ట!”

“అవునండి. అక్కడా ఎవరికీ అక్కర్లేదు. అక్కడ గాలైనా ఉంది.”

శివరామకృష్ణ గుమ్మానికి అడ్డొచ్చాడు, తండ్రి వైపు ఒకసారి చూసి పక్కకి తప్పుకున్నాడు. ఆ ఒక్క చూపూ ఉషారాణి చూసింది. ఇంక అడగవలసింది ఏమీ మిగల్లేదు.

“ఏయ్ అమ్మాయ్,” అంది సుబ్బాయమ్మ. “ఈ ఎండలో ఆటోలో రేవుదాకా, మళ్ళీ పంటులో... ఆ కుదుపులకి మధ్యలోనే పోతుంది. బుద్ధి ఉందా? మనిషివి నువ్వు వెళ్తే వెళ్ళు. దాన్ని ఇక్కడ పెట్టి వెళ్ళు.”

“మళ్ళీ ఎవరి చార్టు మీద పెట్టమంటారు అత్తయ్యగారూ?”

సుబ్బాయమ్మ చెయ్యి ఇంకా చాచే ఉంది. అరచేతిలో తడిగింజలు నాలుగైదు అంటుకుని ఉన్నాయి.

“వెళ్ళనీ,” అన్నాడు జగన్నాథరావు. “గడప దాటాక మళ్ళీ—”

పంజరంలోంచి ఈల వినిపించింది.

సన్నగా, బొంగురుగా, మధ్యలో తెగుతూ, ఒక పొడుగు ఈల.  ఉషారాణి ఒక కాలు గడప అవతల ఉంది.

ఇంకో పొడుగు ఈల.

ఆమె కళ్ళు మూసుకుంది. పొట్టి ఈల కోసం ఆగింది. అందరూ ఆగారు. పడకకుర్చీ పక్కన నిలబడ్డ ఆయనా, గింజల చెయ్యి చాచిన ఆమే, బురద కాళ్ళతో గోడకి ఆనుకున్న అతనూ. గోడ గడియారంలో ముల్లు చప్పుడు చేస్తోంది.

మూడోది పడలేదు.